హెల్మెట్ ఇవ్వండి, జరిమానా వద్దు

సైకిల్ హెల్మెట్ తలను కాపాడుతుందా అంటే, కాపాడుతుంది. లోపలి పొర మనం థర్మోకోల్ అనే సరుకే, గట్టిగా దట్టించి చేస్తారు. తల నేలకు తగిలినప్పుడు ఆ పొర నలుగుతూ దెబ్బ జోరును తగ్గిస్తుంది. అందుకే ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా ఇక పనికిరాదు. గాయపడిన 64 వేల మందికి పైగా సైక్లిస్టుల వివరాలను ఆస్ట్రేలియా పరిశోధకులు 2016లో ఒకచోట చేర్చి చూశారు. హెల్మెట్ ఉన్నవాళ్లకు తల తీవ్రంగా దెబ్బతినే అవకాశం దాదాపు 69 శాతం తక్కువని తేలింది.

అయినా నెదర్లాండ్స్‌లో రోజూ సైకిలెక్కేవాళ్లలో చాలామంది హెల్మెట్ పెట్టుకోరు. వాళ్లకు తెలియక కాదు. 1970లలో పిల్లలు రోడ్ల మీద చనిపోతుంటే తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. ఆ ఒత్తిడి వల్లా, చమురు సంక్షోభం వల్లా సైకిళ్లకు విడిగా దారులు పడ్డాయి. ఆ దారుల్లో తాపీగా వెళ్లేవాళ్లకు భయం లేదు. అదే దేశంలో రేసు సైకిలెక్కినవాళ్లు మాత్రం హెల్మెట్ పెట్టుకునే బయల్దేరతారు. మనిషి తను వెళ్లే దారినీ వేగాన్నీ బట్టి ప్రమాదాన్ని అంచనా వేసుకుంటాడు. ఆ అంచనాను మొండితనం అనడం అన్యాయం.

చట్టం పెడితే సరిపోదా? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లోనే పెట్టింది. తల గాయాలు తగ్గాయి. కానీ ఆ తర్వాత మెల్‌బోర్న్‌లో తీసిన లెక్కల్లో సైకిలు తొక్కే పిల్లలూ తగ్గారు, ముఖ్యంగా హైస్కూలు వయసువాళ్లు. అంటే గాయాలు తగ్గడంలో కొంత వాటా సైకిళ్లు తగ్గడానిదే. ఎంత వాటా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. మోటార్ సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి చేస్తే లేని అభ్యంతరం సైకిలుకు చేస్తే ఎందుకని అడగొచ్చు. బైకు వేగం వేరు, బండి కొనగలిగినవాడి స్తోమత వేరు. మన మోటారు వాహనాల చట్టం హెల్మెట్ నిబంధనను మామూలు సైకిలుకు వర్తింపజేయలేదు; అది అలాగే ఉండాలి. తెల్లారకముందే పాలు, పేపర్లు వేసే మనిషిని ఆపి చలానా రాస్తే అతని తల భద్రమవదు, ఆ రోజు కూలి పోతుంది.

మన రోడ్లు నెదర్లాండ్స్ రోడ్లు కావు కదా అనే మాట నిజం. కాబట్టే ఇక్కడ హెల్మెట్ పెట్టుకోవడం మంచిదంటాను. అయితే దాన్ని పరీక్షించేది సైకిలు మీంచి పడితే తగిలే దెబ్బకు, లారీ గుద్దుడికి కాదు. బడికెళ్లే ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిలిచ్చేటప్పుడు రెండు జడలకూ ఇబ్బంది లేని తేలికపాటి హెల్మెట్ కూడా ఇవ్వాలి, ఆ బడి ముందు రోడ్డు మీద లారీల వేగాన్నీ తగ్గించాలి.