ఇంజిన్ మార్చారా? పొగ దారి చూసుకోండి

విజయవాడ (మా విలేకరి): పాత బండికి వేరే ఇంజిన్ బిగించారు. తాళం తిప్పగానే స్టార్టయింది. మేస్త్రీకి డబ్బిచ్చి ఊరి దారి పట్టారు. కాలువ కట్ట ఎక్కేసరికి బండి లాగడం లేదు. వెనుక నల్లటి పొగ. బానెట్ కింద టిక్కు టిక్కుమని చప్పుడు. పంపు చెడిందని ఒకరంటారు, నాజిల్స్ పోయాయని మరొకరంటారు. అవన్నీ విప్పించి, డబ్బు తగలేశాక అసలు సంగతి బయటపడుతుంది. ఇంజిన్ హెడ్డులో పొగ బయటికొచ్చే రంధ్రాలకూ, దానికి బిగించిన మానిఫోల్డ్ రంధ్రాలకూ పొంతన కుదరలేదు!

పాత జీపులకు, అంబాసిడర్ కార్లకు ఇంజిన్లు మార్పించుకోవడం మన పల్లెల్లో ఎరగని పని కాదు. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ వేయించుకున్నవారు ఎందరో. ఇంజిన్ బేరంలో వంద ప్రశ్నలు అడిగేవారు కూడా మానిఫోల్డ్ గురించి అడగరు. చిక్కంతా అక్కడే వస్తోంది.

పొగ ఎలా వెళుతుంది?

సిలిండరులో ఇంధనం మండాక పిస్టన్ పైకి వస్తూ ఆ పొగను బయటికి నెడుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు పొగ వదులుతుంది. ఆ పొగ హెడ్డు రంధ్రం దాటి, మానిఫోల్డ్‌లోకి పోయి, అక్కడినుంచి సైలెన్సర్ గొట్టంలో పడాలి. హెడ్డుకూ మానిఫోల్డ్‌కూ మధ్య గ్యాస్కెట్ ఉంటుంది. షెడ్డుల్లో దాన్నే ప్యాకింగ్ అంటారు.

మానిఫోల్డ్ రంధ్రం చిన్నదైనా, పక్కకు జరిగినా పొగ దారిలో గట్టు కట్టినట్టే. పంట బోదెలో అడ్డుకట్ట వేస్తే నీరు వెనక్కి తన్నినట్టు పొగ వెనక్కి తంతుంది. పాత పొగ కొంత సిలిండరులోనే మిగిలిపోతే కొత్త గాలికి చోటు తగ్గుతుంది. గాలి చాలక డీజిల్ సరిగా మండదు. నల్లటి పొగ రావడం, పికప్ పోవడం, వేడెక్కడం, మైలేజి తగ్గడం అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

తేడా చిన్నదే కదా అనుకోకూడదు. హెడ్డు రంధ్రం అడ్డుకొలత 35 మిల్లీమీటర్లు, మానిఫోల్డ్‌ది 30 మిల్లీమీటర్లు అనుకుందాం. తేడా 5 మిల్లీమీటర్లే. కానీ పొగ పోయే దారి నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది.

మానిఫోల్డ్ రంధ్రం కాస్త పెద్దదైతే అంత నష్టం లేదు. ఇరుకు నుంచి విశాలానికి పొగ సాఫీగా పోతుంది. గాలి లోపలికి పోయే వైపు మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ హెడ్డు రంధ్రం కంటే మానిఫోల్డ్ రంధ్రం పెద్దది కాకూడదు.

ఏ ఇంజిన్ తీరు దానిది

పాత అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోలు ఇంజిన్ చూడండి. సిలిండర్లు నాలుగు, పొగ రంధ్రాలు మూడే. మధ్యనున్న రెండు సిలిండర్లకూ కలిపి ఒకటే రంధ్రం. గాలి రంధ్రాలు రెండూ అదే పక్కన ఉంటాయి. తర్వాతి కాలంలో అదే కారుకు వచ్చిన ఇసుజు 1995 సి.సి. డీజిల్ ఇంజిన్ తీరే వేరు. పాత మానిఫోల్డ్ దానికి పనికిరాదు.

జీపు సంగతి మరీ విచిత్రం. హరికేన్ పేరుతో వచ్చిన పాత పెట్రోలు ఇంజిన్‌లో గాలి వాల్వులు హెడ్డులో, పొగ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. అందుకే పొగ మానిఫోల్డ్‌ను హెడ్డుకు కాక బ్లాకుకే బిగిస్తారు. ప్యూజో నమూనాలో వచ్చిన 2112 సి.సి. డీజిల్ ఇంజిన్‌కు పొగ దారి హెడ్డులోనే ఉంది. ఒకదాని మానిఫోల్డ్ మరొకదానికి అతికిద్దామంటే కుదిరే పని కాదు.

అందువల్ల ఇంజిన్ కొనేటప్పుడే దాని సొంత మానిఫోల్డ్‌ను కూడా అడిగి తెచ్చుకోవాలి. మార్పు చేయాల్సి వస్తే మానిఫోల్డ్ కింద సైలెన్సర్ గొట్టం దగ్గర చేయించాలి. అక్కడ ఉక్కు గొట్టం కోసి వెల్డింగ్ చేయడం తేలిక. పోత ఇనుము మానిఫోల్డ్‌ను మామూలుగా వెల్డింగ్ చేస్తే చల్లారేటప్పుడు పగుళ్లిస్తుంది.

గ్యాస్కెట్టే కొలబద్ద

సరిపోయిందో లేదో కంటితో చూసి చెప్పలేం. ఆ ఇంజిన్‌కు సరిపడే కొత్త గ్యాస్కెట్ తెచ్చి స్టడ్‌ల మీదుగా హెడ్డుకు ఆనించాలి. హెడ్డు రంధ్రాల అంచు ఎక్కడా గ్యాస్కెట్ కింద దాగకూడదు. తర్వాత అదే గ్యాస్కెట్‌ను మానిఫోల్డ్ మీద పెట్టి, బోల్టు రంధ్రాలు సరిచేసి, లోపలి అంచు వెంట సూదిమొనతో గీత గీయాలి. గీతకు లోపలగా ఇనుము కనిపిస్తే అదే పొగకు అడ్డం. అంతమేరకే అరగదీయించాలి.

అరగదీసేది మానిఫోల్డ్‌నే, హెడ్డును కాదు. హెడ్డు రంధ్రం గోడ వెనుక నీటి దారి ఉంటుంది. ఆ గోడ చిల్లిపడితే హెడ్డు పారేయవలసిందే.

మానిఫోల్డ్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి చూడాలి. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే బెండు వచ్చిందన్నమాట. లేత్ షాపులో ఫేసింగ్ చేయించకుండా బిగిస్తే గ్యాస్కెట్ నిలవదు. నట్లు మధ్యనుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక బిగింపు మళ్లీ చూడాలి.

ప్రాణం మీదికి రావచ్చు

అతుకు దగ్గర పొగ కారుతుంటే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. నాలుగు రోజులకు అక్కడ నల్లటి మసి చార కనిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు ఇంజిన్లలో ఇది మరీ ఎక్కువ. అద్దాలు మూసిన కారులోకి చేరితే తలనొప్పి, తల తిరగడం, మగత వస్తాయి. స్పృహ తప్పి ప్రాణం కూడా పోవచ్చు. బండిలో కూర్చున్నవారికి అలా అనిపిస్తే వెంటనే ఆపి బయటికి రావాలి. పిల్లలను ఎక్కించుకుని తిరిగే బండ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. మానిఫోల్డ్ దగ్గరగా డీజిల్ పైపులు, వైర్లు పోతున్నాయేమో కూడా చూసుకోవాలి. ఆ వేడికి కరిగితే నిప్పంటుకుంటుంది.

కాగితాలు మరవద్దు

ఇంజిన్ మార్చడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోవాలి. బండిలో చేసే మార్పుల గురించి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. ఆర్.సి.లో ఒక ఇంజిన్ నంబరు, బండిలో మరొక నంబరు ఉంటే ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర చిక్కు తప్పదు. అనుమతి వస్తుందో రాదో తెలియకుండా ఇంజిన్‌కు బయానా ఇవ్వకండి.

పెళ్లికి జాతకాల పొంతన చూసే మనం ఇనుముకూ ఇనుముకూ పొంతన చూడడానికి ఒక పూట వెచ్చించలేమా? షెడ్డుకు వెళ్లినప్పుడు, బిగించక ముందే గ్యాస్కెట్ పెట్టి చూపించమని మేస్త్రీని అడగండి. పని తెలిసిన మేస్త్రీ అందుకు విసుక్కోడు.