తాతయ్య టార్చిలైట్‌కి ఇంట్లోనే నికెల్ ప్లేటింగ్: ట్రై చేయొచ్చా?

ఈసారి రివ్యూ ఫోన్‌ది కాదు, మా తాతయ్య టార్చిలైట్‌ది. తిరువూరులో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తూ ఒక ఆదివారం అటక సర్దుతుంటే దొరికింది. రాత్రిపూట కరెంటొస్తే మోటారు వేయడానికి తాతయ్య దీంతోనే తోటకి వెళ్లేవారు. ఇత్తడి బాడీ గట్టిగానే ఉంది. మూత మీద నికెల్ పూత మాత్రం పూర్తిగా అరిగిపోయింది.

ఎలక్ట్రోప్లేటింగ్ మనకి కొత్తేం కాదు. మన ఫోన్ల కనెక్టర్ పిన్నుల మీద నికెల్, బంగారం పూతలు ఇలా వేసేవే. చిప్‌లలో రాగి కనెక్షన్లకి కూడా ఇదే పద్ధతి, ఐబీఎం 1997లో ప్రకటించింది. మా పాత కృష్ణా జిల్లాలోనే ఉన్న చిలకలపూడి కవరింగ్ నగల సంగతి తెలిసిందే కదా!

సెటప్ ఇదీ

గాజు సీసాలో తెల్ల వెనిగర్, చిటికెడు ఉప్పు వేసి, రెండు నికెల్ స్ట్రిప్‌లు ఒకదానికొకటి తగలకుండా ముంచాను. పాత 5 వోల్టుల ఛార్జర్ కలిపితే కొన్ని గంటల్లో ద్రావణం ఆకుపచ్చగా మారాలి. నాకేమో తుప్పు నీళ్లలా గోధుమ రంగు వచ్చింది! ప్యూర్ నికెల్ అని ఆన్‌లైన్‌లో కొన్నవి నిజానికి నికెల్ పూత వేసిన ఇనుప స్ట్రిప్‌లు. అయస్కాంతంతో పట్టుకోలేం, రెండూ అతుక్కుంటాయి. స్ట్రిప్‌ని గీకి ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచండి. తుప్పు పడితే అది ఇనుమే. వేరే స్ట్రిప్‌లు తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను.

మూతని చింతపండుతో తోమి, సబ్బుతో జిడ్డు వదలగొట్టాను. నీళ్లు పోస్తే బొట్లు కట్టకుండా పల్చగా పరుచుకోవాలి. లేకపోతే పూత పెచ్చులుగా లేచిపోతుంది.

ప్లేటింగ్‌కి మాత్రం ఛార్జర్ వద్దు. కరెంటు ఎక్కువైతే నల్లటి పొడిలాంటి పూత వస్తుంది. నేను ఒకే ఒక్క 1.5 వోల్టుల టార్చి సెల్ వాడాను. ప్లస్ నికెల్‌కి, మైనస్ మూతకి. మల్టీమీటర్‌లో సుమారు 0.1 ఆంపియర్ చూపించింది. ఫారడే లెక్క ప్రకారం గంటకి 0.11 గ్రాముల నికెల్. 30 చదరపు సెంటీమీటర్ల మూత మీద అది దాదాపు 4 మైక్రాన్లు. కొంత కరెంటు హైడ్రోజన్ బుడగలకి పోతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే.

ఇది మాత్రం స్కిప్ చేయకండి

సీసాని వరండాలో పెట్టి కాల్ అటెండ్ అవుతుంటే మా అక్క కూతురు వచ్చి "మావయ్యా, ఈ షర్బత్ నాకా?" అంది. హెడ్‌సెట్ పడేసి పరిగెత్తాను. నికెల్ లవణాలు విషం, చర్మానికి తగిలినా అలర్జీ రావచ్చు. ఆ రోజు నుంచి సీసా మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, తాళం వేసే బీరువాలో పెడుతున్నా.

గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. గాలాడే చోటే చేయాలి. ఆ సీసా మళ్లీ వంటింట్లోకి రాకూడదు, ద్రావణాన్ని కాలువలో పారబోయకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని ప్లస్ వైపు అస్సలు పెట్టకండి, ప్రమాదకరమైన క్రోమియం సమ్మేళనాలు రావచ్చు. బంగారం ప్లేటింగ్ జోలికీ వెళ్లొద్దు, ఆ ద్రావణాల్లో సాధారణంగా సైనైడ్ ఉంటుంది.

వర్డిక్ట్

షోరూమ్ మెరుపు రాలేదు. అంచుల దగ్గర మందంగా, గాడుల్లో పల్చగా పడింది. కానీ గోరుతో గీకినా లేవలేదు. చిన్న ఇత్తడి పార్టులకి ఓకే. ఇంట్లో చిన్న పిల్లలుండి, తాళం వేసే చోటు లేకపోతే మాత్రం నా సలహా: వద్దు.

మూత బిగించి నాన్నకిచ్చాను. ఆ రాత్రి ఫోన్ ఫ్లాష్ వదిలేసి, టార్చి పట్టుకుని గేటు వేయడానికి వెళ్లారు.