ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనేది వెబ్‌సైట్లలో కనిపించే ఒక భద్రతా లోపం. డేటాబేసుకు ఆదేశాలు ఇచ్చే భాషను ఎస్‌క్యూఎల్ అంటారు. సైటులోని పెట్టెలో సందర్శకుడు వ్రాసిన అక్షరాలను ఆ ఆదేశంలో నేరుగా కలిపివేసినప్పుడు ఈ లోపం ఏర్పడుతుంది. దీనిని గురించిన తొలి బహిరంగ వివరణలలో ఒకటి 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో వెలువడింది.

పనిచేసే విధానం

లాగిన్ పేజీలో సభ్యుడు తన పేరు, సంకేతపదం ఇస్తాడు. సైటు ఆ పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, ఆ పేరు, ఆ సంకేతపదం గల వరుసను వెదకమని డేటాబేసును ఆదేశిస్తుంది. దాడి చేసేవాడు పేరుకు బదులు ముందుగా ఒక కొటేషన్ గుర్తు వ్రాస్తాడు. దానితో పేరు ముగిసిందని భావించి, తరువాతి అక్షరాలను డేటాబేసు ఆదేశంలో భాగంగా చదువుతుంది. అక్కడ "లేదా 1=1" అనే అర్థం వచ్చే షరతు ఉంటే, 1 ఎల్లప్పుడూ 1కి సమానమే కనుక, అది ప్రతి వరుసకూ వర్తిస్తుంది. చివర రెండు అడ్డగీతలు పెడితే చాలా డేటాబేసులలో మిగిలిన భాగం, అనగా సంకేతపదాన్ని సరిచూసే భాగం, వ్యాఖ్యగా పరిగణింపబడుతుంది. సభ్యుని సంకేతపదం ఎంత కఠినమైనదైనా ఇక్కడ ఉపయోగం లేదు.

టాక్‌టాక్ ఉదంతం

బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ 2009లో టిస్కాలీ సంస్థ యొక్క బ్రిటన్ వ్యాపారాన్ని కొనుగోలు చేసింది. దానితో పాటు వచ్చిన కొన్ని పాత వెబ్ పేజీలను ఎవరూ పట్టించుకోలేదు. 2015 అక్టోబరులో ఆ పేజీల ద్వారానే దాడి జరిగి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు, వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతా వివరాలు బయటకు పోయాయి. డేటాబేసు సాఫ్టువేరులోని లోపానికి సవరణ మూడేళ్ళకు పైగా అందుబాటులో ఉన్నా దానిని స్థాపించలేదు. అదే ఏడాది జూలై, సెప్టెంబరులలో ఇదే తరహా దాడులు జరిగినా సంస్థ గమనించలేదు. 2016 అక్టోబరులో బ్రిటన్ సమాచార కమీషనర్ కార్యాలయం 4 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. దాడి చేసినవారిపై కేసులు వేరుగా నడిచాయి. అంతమాత్రాన సైటు యజమాని బాధ్యత తొలగలేదు.

నివారణ

ఇంత నష్టం కలిగించే లోపానికి విరుగుడు ఆశ్చర్యకరంగా సులువైనది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల పద్ధతిలో ఆదేశం యొక్క రూపాన్ని ముందుగా డేటాబేసుకు పంపి, సందర్శకుని మాటలను తరువాత విడిగా పంపుతారు. అప్పుడు కొటేషన్ గుర్తు కూడా ఒక మామూలు అక్షరమే. ఆ గుర్తును తొలగించి సరిపెట్టుకోవడం చాలదు, పైగా ఓ'బ్రయన్ వంటి పేరు గలవారు తమ పేరును సరిగా నమోదు చేసుకోలేరు. సైటు వాడే డేటాబేసు ఖాతాకు అవసరమైనంత అధికారమే ఇస్తే, దాడి జరిగినా నష్టం పరిమితమవుతుంది.

వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను భారతదేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 నిర్దేశించింది.