ఆరాధనయు సమాధానమును

మన భాషలో "సమాధానము" అను మాటకు రెండు కాపురములున్నవి. బడిలో ప్రశ్నకు చెప్పు జవాబు సమాధానము. తెలుగు బైబిలులో శాంతికి పేరు సమాధానము. సంస్కృతమున దీనికి చక్కగా కూర్చి నిలుపుట అని మూలార్థము. విడిపోయినవారిని కూర్చిన శాంతి యగును. ప్రశ్నకు తగిన మాటను కూర్చిన జవాబగును. క్రైస్తవ దేవాలయములలో జరుగు ఆరాధనకు అర్థమేమని విచారించువారికి ఈ ఒక్క మాట చాల దూరము దారి చూపగలదు.

ముందుగా "ఆరాధన" సంగతి చూతము. సంస్కృత ధాతుపాఠము "రాధ" ధాతువునకు సంసిద్ధి, అనగా పని నెరవేరుట, అను అర్థమును చెప్పుచున్నది. యూదుల హెబ్రీ భాషలో "అవోదా" అను మాట పనికిని, పూజకును కూడ చెల్లును. గ్రీకుల "లేతూర్గియా" పౌరుడు సొంత వ్యయముతో తన నగరమునకు చేయు సేవ. ఆరాధనక్రమమునకు క్రైస్తవులు వాడు "లిటర్జీ" అను పేరు దానినుండియే పుట్టినది. మనకును ఈ భావము క్రొత్తది కాదు. దేవుని కొలుతుము, రాజుగారి యొద్ద కొలువు చేయుదుము. ఆరాధన యనగా ఒక పని యని ఇన్ని భాషలును చెప్పుచున్నవి.

ఆ పని యెవరికి? దేవునికే యని వెంటనే చెప్పవచ్చును. అయితే క్రైస్తవ సంప్రదాయము మొదటినుండియు అంతటితో తృప్తిపడలేదు. క్రీస్తుశకము 1వ శతాబ్ది మధ్యభాగమున కొరింథు నగరములోని క్రైస్తవులు ప్రభు భోజనమునకై కూడుకొనెడివారు. కలిగినవారు తమ భోజనము తాము ముందుగా ముగింపగా, లేనివారు ఆకలితో మిగిలిపోయెడివారు. అది ప్రభు భోజనమే కాదని అపొస్తలుడైన పౌలు వారికి వ్రాసిన లేఖలో మందలించెను. ప్రార్థనలో లోపమున్నదని ఆయన యనలేదు, పంక్తిలో లోపమున్నదనెను.

సుమారు 150వ సంవత్సర ప్రాంతమున రోములో నివసించిన జస్టిన్ అను పండితుడు చక్రవర్తికి వ్రాసిన విన్నపములో నాటి ఆరాధనను వర్ణించెను. గ్రంథపఠనము, హితబోధ, ప్రార్థన, ఒకరినొకరు ముద్దుపెట్టుకొని పలుకరించుట, రొట్టెయు ద్రాక్షారసమును పంచుకొనుట అందు కనబడును. రాలేకపోయినవారి వంతు వారికి పంపెడివారు. కలిగినవారు తెచ్చిన కానుకలు అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలోనున్నవారికి, పరదేశులకు చెందెడివి.

పశ్చిమ ఐరోపాలో కాలక్రమమున లాటినే ఆరాధనభాషగా నిలిచిపోగా, ఆ భాష యెరుగని జనులు చూపరులుగా మిగిలిరి. 16వ శతాబ్దిలో ప్రొటెస్టెంటు సంస్కర్తలు ప్రజల భాషలకు తలుపు తెరచిరి. కథోలిక సంఘమున ఆ మార్గమును 1963లో రెండవ వాటికన్ మహాసభ సుగమము చేసెను. తెలుగునాట సామాన్యుల ఆరాధనకు కంఠమిచ్చినవారిలో పురుషోత్తమ చౌదరి (1803-1890) ముఖ్యుడు. ఆయన మన కీర్తనల బాటలో క్రైస్తవ గీతములను రచించెను. నేటికిని క్రైస్తవ కీర్తనల పుస్తకములలో పాటకు పైన రాగమును, తాళమును అచ్చువేయుట గలదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో కొన్ని ప్రొటెస్టెంటు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినవి. 1950లో ఆ సంఘము సిద్ధపరచిన ప్రభు భోజన క్రమమున ఒక ప్రాచీనాచారము తిరిగి చోటు చేసికొన్నది. కేరళలోని సిరియను క్రైస్తవులు దానిని కాపాడుకొనుచు వచ్చినారు. గురువు తన దగ్గరనున్నవారికి సమాధానము నందించును. వారు తమ ప్రక్కవారికి అందింతురు. అట్లు చేతినుండి చేతికి అది కడపటి వరుసవరకు సాగును. ఒకరి కుడి అరచేయి మరియొకరి కుడి అరచేతిని తాకును. ఎడమచేయి పైనుండి మూయును. ఆ పిమ్మటనే రొట్టెయు ద్రాక్షారసమును బల్లయొద్దకు తెత్తురు.

మన దేశమున ఆ స్పర్శ చిన్న సంగతి కాదు. 19వ శతాబ్దినుండి తెలుగునాట క్రైస్తవమున చేరినవారిలో అధికులు మాల మాదిగలు. ఊరి బావికి, గుడికి, బడికి దూరముగా నుంచబడినవారు. లోకము తాకరాదనిన చేతిని దేవుని యెదుట రెండు చేతులతో పట్టుకొనుట లోకమునకొక జవాబు. అయినను కులము చర్చి గుమ్మమువద్ద చెప్పులతో పాటు నిలిచిపోలేదు. తంజావూరు ప్రాంతమున కులమును బట్టి వేరువేరుగా కూర్చుండు ఆచారముండెడిది. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ కులభేదమును విడువవలెనని ఆదేశింపగా, పలువురు కులమును విడువలేక చర్చినే విడిచిరి. మాల మాదిగల నడిమి భేదమును తెలుగు సంఘములు నేటికిని పూర్తిగా దాటినవని చెప్పజాలము.

2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు దేవాలయములు మూతపడి, ఆరాధన ఫోనులలోనికి వచ్చినది. కదలలేని వృద్ధులకు, రోగులకు అది గొప్ప ఊరట. కాని తెరమీద ప్రసంగము వినవచ్చును, పాట పాడవచ్చును. ప్రక్కవాని చేయి మాత్రము అందదు. ఇంటినుండి ఆరాధన చూచుట అలవాటైనవారు ఆ చేతిని మరచిపోవు ప్రమాదమున్నది.

బైబిలులో కనబడు మొదటి కానుకల కథ ఇద్దరు అన్నదమ్ములది. కయీను, హేబెలు దేవునికి కానుకలు తెచ్చిరి. తన కానుక అంగీకరింపబడలేదన్న కోపమున కయీను తమ్ముని చంపెను. దేవుడు ఆ తమ్ముని గూర్చి ప్రశ్నింపగా, అతడు తప్పించుకొను మాట పలికెను. తరువాతి కాలమున యేసు కొండమీద బోధించుచు, కానుకతో బలిపీఠము చేరినవానికి సోదరునితో పొరపు గుర్తు వచ్చినచో, కానుకను అక్కడనే విడిచి ముందు అతనితో సమాధానపడవలెనని చెప్పెను. కయీను చెప్పకపోయిన జవాబు అదియే. ఆదివారమునాడు చర్చిలో చేయి చాచి సమాధానమనువారు ఆ ప్రశ్నకే బదులు చెప్పుచున్నారు. ఆ జవాబు సరియైనదో కాదో సోమవారమునాడు వీధిలో తెలియును.