కూడలికి మిగిలిన పేరు

ఒక మనిషి గతించిన తరువాత అతని ఋణం తీర్చుకోవడానికి ఊరికి రెండు మార్గాలున్నాయి. అతని పేరు నిలబెట్టడం ఒకటి, అతని పని నిలబెట్టడం రెండవది. మొదటిదానికి ఒక తీర్మానమూ ఒక పలకా చాలును. రెండవదానికి ధనమూ, ఓర్పూ, ఏళ్ల తరబడి శ్రమా కావాలి. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరపు నల్లజాతి పేటలో పెరిగి, 2019లో తన దుకాణం ముందే హతుడైన నిప్సీ హసుల్ అనే ర్యాప్ గాయకుని చరిత్ర ఈ రెండింటి నడుమ ఎంత దూరమున్నదో చూపుతుంది.

ర్యాప్ అనేది రాగం కన్న మాటకే పెద్దపీట వేసి, దరువు మీద ఆ మాటను నడిపించే పాట. 1970ల దశకంలో న్యూయార్కులోని బ్రాంక్స్ అనే పేద పేటలో రూపుదిద్దుకొని లోకమంతటా పాకింది. తమ పేట కష్టాలను పాడి పేరు తెచ్చుకున్న గాయకులు పలువురు ఆ పేరు రాగానే పేట విడిచి వెళ్లారు. వారిని తప్పుపట్టవలసిన పని లేదు. నిప్సీ హసుల్ మాత్రం పేటను విడవలేదు సరికదా, దానిని కొనాలని సంకల్పించాడు.

అతని అసలు పేరు ఎర్మియాస్ ఆస్గెడోమ్. 1985 ఆగస్టు 15న జన్మించాడు. తండ్రి ఆఫ్రికాలోని ఎరిట్రియా దేశం నుంచి వలస వచ్చినవాడు. తల్లి అమెరికా నల్లజాతి స్త్రీ. దక్షిణ లాస్ ఏంజిలిస్‌లోని క్రెన్‌షా ప్రాంతంలో పెరిగిన ఆ కుర్రవాడు చదువు నడుమనే వదలి, 'రోలిన్ సిక్స్‌టీస్' అనే వీధిముఠాలో చేరాడు. ఆ సంగతి అతడు ఏనాడూ దాచలేదు. ఆ బ్రతుకులోని కావరమూ, భయమూ రెండూ అతని పాటల్లో ఉన్నాయి. 2004లో తండ్రి వెంట ఎరిట్రియా వెళ్లి మూడు నెలలు గడిపాడు. అక్కడ అంగడి మొదలు ప్రభుత్వం దాకా అన్నీ తన వంటి నల్లవారి చేతుల్లోనే ఉండడం చూసి తన దృష్టి మారిందని తరువాత చెప్పుకున్నాడు.

ఆ మార్పు విలువ తెలియాలంటే అతని పేట చరిత్ర కొంత తెలియాలి. నల్లవారికి ఇల్లు అమ్మరాదనే షరతు ఒకప్పుడు లాస్ ఏంజిలిస్‌లోని అనేక పేటల దస్తావేజుల్లోనే వ్రాసి ఉండేది. అటువంటి షరతులను న్యాయస్థానాలు అమలు జరపరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో గాని తీర్పు చెప్పలేదు. అంతకు పూర్వం, 1930లలో, ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీయించి, నల్లవారు కాపురముండే పేటలకు ఎర్రరంగు పూసి, అక్కడ అప్పివ్వడం అపాయమని ముద్ర వేసింది. అప్పు పుట్టనిచోట ఇల్లు సొంతం కాదు. ఇల్లు సొంతం కానిచోట తాత చెమటోడ్చిన ఫలం మనుమనికి అందదు. ఇన్నాళ్లూ ఎవరికీ అక్కరలేని ఆ నేలకు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. 2014లో క్రెన్‌షా వీధి వెంట రైలుమార్గం పని మొదలై, 2022లో రైళ్లు నడిచాయి. రైలు వచ్చినచోట అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగినచోట అద్దెకున్నవాడు మూట సర్దుకోవలసి వస్తుంది. ఇతరులు కొనకముందే మనమే కొనాలి అన్నది నిప్సీ వేసుకున్న లెక్క.

లెక్కకు తగిన నేర్పు కూడా అతనికున్నది. 2013లో 'క్రెన్‌షా' అనే పాటల సంపుటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తూనే, 1,000 ప్రతులు మాత్రం ప్రత్యేకంగా తయారు చేయించి, ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మాడు. సుప్రసిద్ధ గాయకుడు జే-జీ 100 ప్రతులు కొన్నాడు. 2017లో క్రెన్‌షా, స్లాసన్ వీధులు కలిసే కూడలిలో 'మారథాన్' అనే బట్టల దుకాణం తెరిచాడు. ఒకనాడు కారులో పెట్టుకొని తన పాటల ప్రతులు అమ్ముకున్న ఆవరణే అది. జైలు నుంచి వచ్చి ఎక్కడా పని దొరకనివారికి అక్కడ పని ఇచ్చాడు. 2018లో ఒక భాగస్వామితో కలిసి 'వెక్టర్ 90' అనే కేంద్రం ప్రారంభించాడు. చిన్న వ్యాపారం మొదలుపెట్టేవారికి కూర్చొని పనిచేసుకునే చోటూ, పిల్లలకు సైన్సు, సాంకేతిక విద్యల్లో శిక్షణా అందులో ఏర్పాటయ్యాయి. 2019 ఆరంభానికి భాగస్వాములతో కలిసి కూడలిలోని ఆవరణనంతటినీ కొన్నాడు. కింద అంగళ్లు, పైన కాపురాలు ఉండే మేడ అక్కడ కట్టాలన్నది ఆలోచన.

ఆ యేడాది మార్చి 31న, జైలు నుంచి విడుదలై వచ్చిన ఒక పాత మిత్రునికి కొత్త బట్టలు ఇప్పించాలని అంగరక్షకులు లేకుండా దుకాణానికి వచ్చాడు. అక్కడే అతన్ని కాల్చి చంపారు. వయస్సు 33 ఏళ్లు. చంపినవాడు పరాయివాడు కాదు, ఆ పేటవాడే, ఆ ముఠావాడే. 2022లో నేరం రుజువై, 2023లో 60 ఏళ్లకు తక్కువ కాని యావజ్జీవ శిక్ష పడింది. ముఠా హింసను తగ్గించే ఉపాయం ఆలోచించడానికి నగర పోలీసు అధిపతితో నిప్సీ సమావేశం కావలసినది ఆ మరునాడే. బట్టల కోసం వచ్చిన మిత్రుడు కూడా గాయపడ్డాడు. తరువాత అతన్నే నిర్బంధించారు: పెరోలు మీద ఉండి ముఠా మనిషితో తిరిగాడన్నది నేరం, ఆ ముఠా మనిషి మరెవరో కాదు, నిప్సీ. జనం ఆక్షేపించిన మీదట ఆ మిత్రుణ్ణి విడిచిపెట్టారు.

ఇక గౌరవాల సంగతి. ఏప్రిల్ 11న నగరంలోని అతి పెద్ద క్రీడాశాలలో సంతాపసభ జరిగింది. మాజీ అధ్యక్షుడు ఒబామా పంపిన లేఖను చదివారు. శవయాత్ర 25 మైళ్లు సాగింది. కూడలికి అతని పేరు పెట్టాలని నగర పాలక సభ తీర్మానించింది. 2020లో రెండు గ్రామీ బహుమతులు, 2022లో హాలీవుడ్ కాలిబాట మీద ఒక నక్షత్రం వచ్చాయి. ఊరంతటా గోడల మీద అతని బొమ్మలు వెలిశాయి. అతడు బ్రతికి ఉండగా ఆ ఆవరణను ముఠా స్థావరమని శంకించి విచారణ సాగించింది ఈ నగరపు పోలీసులూ న్యాయాధికారులే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పని మాట ఏమి? దుకాణం మూతపడింది, ఆవరణ చుట్టూ ఆ యేడాదే కంచె లేచింది. అనుకున్న మేడ ఏళ్లు గడిచినా ఆలోచనగానే మిగిలింది. అతడు పోయిన వారంలోనే బద్ధశత్రువులైన ముఠాలవారు కలిసి ఊరేగింపు తీశారు, సంధి మాటలు సాగాయి. ఐనా 2021లో ఆ నగరంలో హత్యలు పదేళ్లకు పైగా ఎన్నడూ లేనంతగా పెరిగాయి. వ్యాధి, నిరుద్యోగం తెచ్చిన ఆ పెరుగుదలకు చనిపోయినవాడు బాధ్యుడు కాడు. కాని ఒక్కని మాట మీద నిలిచిన శాంతి ఆ ఒక్కడు లేనప్పుడు ఎంత బలహీనమో అప్పుడు తెలిసింది.

అలాగని ఏమీ మిగలలేదనడం న్యాయం కాదు. అన్నగారు, కుటుంబం బట్టల వ్యాపారాన్ని సాగిస్తున్నారు. క్రెన్‌షా వీధి వెంట 1.3 మైళ్ల పొడవున నల్లజాతి కళాకారుల కృతులు నెలకొల్పే పథకానికి తొలినాళ్లలో సలహా ఇచ్చినవారిలో అతడొకడు. అన్నిటినీ మించి, పాట మీది హక్కూ నేల మీది హక్కూ వదులుకోరాదన్న ఊహ అనేకమంది యువకుల నోట నిలిచింది. అతని లోపం కూడా చెప్పుకోవాలి. పేటను ముఠా నుంచి తప్పించాలనుకున్నవాడు ముఠాతో పూర్తిగా తెగతెంపులు చేసుకోలేదు. చేసుకొని ఉంటే పేట కుర్రవాళ్లు అతని మాట వినేవారా అన్నది వేరే ప్రశ్న. ఆ చిక్కులోనే అతడు జీవించాడు, ఆ చిక్కులోనే మరణించాడు.

మన బడులలో మహనీయుల చరిత్రలు చెప్పేటప్పుడు పుట్టిన తేదీ, గిట్టిన తేదీ, బిరుదులు వరుసగా చెప్పి ముగించడం అలవాటు. ఈ కథను అలా చెబితే కూడలిలోని పలక దగ్గరే ఆగిపోతాము. నిప్సీని తలచుకోవడానికి మరొక గాయకుడు చాలు. అతడు మొదలుపెట్టిన పనికి మాత్రం దస్తావేజు చదవగలిగిన వకీలు కావాలి. జమాఖర్చు వ్రాయగల గుమాస్తా, మేడ కట్టగల మేస్త్రీ, సాయంత్రం ఆగి పిల్లలకు లెక్కలు చెప్పే పంతులు కావాలి. వీరి పేర్లు ఏ కూడలికీ పెట్టరు. వారు రానిచోట పలక మెరుస్తూనే ఉంటుంది, దాని వెనుక స్థలం ఖాళీగానే ఉంటుంది.