భూమి హక్కుల నమోదుకు రక్షణ కవచం – ఉన్నత డేటాబేస్ విద్య

అనకాపల్లి జిల్లా నాతవరం మండలంలో ఒక రైతు తనకు గల 3 ఎకరాల 40 సెంట్ల భూమిలో 1 ఎకరా 40 సెంట్లు విక్రయించినాడనుకుందాం. మ్యుటేషన్ సమయంలో కంప్యూటరులో రెండు మార్పులు జరుగవలసి ఉంటుంది. విక్రేత ఖాతాలో ఆ విస్తీర్ణం తగ్గాలి. కొనుగోలుదారు ఖాతాలో అంతే విస్తీర్ణం చేరాలి. మొదటి మార్పు జరిగి, రెండవది జరుగక ముందే విద్యుత్తు నిలిచిపోతే ఆ 1 ఎకరా 40 సెంట్లు రికార్డులో ఎవరి పేరునా ఉండవు. ఇటువంటి ప్రమాదాన్ని నివారించే శాస్త్రమే విశ్వవిద్యాలయాలలో బోధించే ఉన్నత డేటాబేస్ పరిజ్ఞానం.

పట్టికల నుండి లావాదేవీల వరకు

సమాచారాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా భద్రపరచే రిలేషనల్ నమూనాను ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. గ్రామ లెక్కలలోని అడంగల్, 1-బి కూడా పట్టికలే కనుక, రెవెన్యూ సిబ్బందికి ఈ భావన కొత్తది కాదు. లావాదేవీల నిర్వహణపై విశేష కృషి చేసిన జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ అవార్డు లభించింది. అదే సంవత్సరం నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణకు ఉద్దేశించిన ‘కార్డ్’ పథకం ప్రారంభమైంది.

నాలుగు నియమాలు

లావాదేవీ పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగరాదన్నది మొదటి నియమం. మార్పు తరువాత కూడా లెక్కలు నిర్దేశిత షరతులకు లోబడి ఉండాలి. ఉదాహరణకు, ఉప విభాగాల విస్తీర్ణం కలిపితే మొత్తం సర్వే నంబరు విస్తీర్ణంతో సరిపోవాలి. ఒకే భూమిపై ఇద్దరు ఒకేసారి మార్పులు చేయబోతే, ఒకరి పని మరొకరి పనిని చెరపరాదన్నది మూడవది. ఆమోదం పొందిన మార్పు యంత్రం ఆగిపోయినా చెక్కుచెదరరాదన్నది నాలుగవది. ఇందుకోసం ప్రతి మార్పును ముందుగా ‘లాగ్’లో నమోదు చేస్తారు.

సర్వేతో పెరిగిన అవసరం

2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ ఆధారిత పరికరాలు వినియోగించారు. ఫలితంగా భూమి సరిహద్దులు కూడా అక్షాంశ, రేఖాంశాలుగా కంప్యూటరులో నిక్షిప్తమవుతున్నాయి. ఒక కమతం హద్దు పక్క కమతంలోకి చొచ్చుకొనిపోయినదా అని పరిశీలించుటకు స్పేషియల్ డేటాబేస్ పరిజ్ఞానం అవసరం. తాండవ జలాశయం గల నాతవరం వంటి మండలంలో కమతాల హద్దులతో పాటు కాలువలు, ఆయకట్టు వివరాలను సమన్వయపరచుటకు కూడా ఇది ఉపకరిస్తుంది.

యంత్రానికీ పరిమితి కలదు

అయితే, డేటాబేస్ తనకు అందిన సమాచారాన్ని మాత్రమే కాపాడగలదు. షరతులకు లోబడి ఉన్నంతవరకు, తప్పుగా నమోదైన పేరును కూడా అంతే భద్రంగా నిలుపుతుంది. కావున ఈ విషయాన్ని అభ్యసించే విద్యార్థులు అడంగల్‌ను చదువగలగడం ఎంత అవసరమో, నమోదు చేసే అధికారులు పై నాలుగు నియమాలను ఎరిగి ఉండడం కూడా అంతే అవసరం. విశ్వవిద్యాలయ తరగతి గది, తహశీల్దారు కార్యాలయం పరస్పరం సహకరించుకొన్ననాడే రైతు హక్కు రికార్డులో పదిలంగా ఉంటుంది.