నేలను దాకిన గ్రహశకల మేమగును?

హైదరాబాదు పాతనగరపు ఆగ్నేయపుటంచున, చాంద్రాయణగుట్టకును సంతోష్‌నగరమునకును నడుమనున్న కంచన్‌బాగ్‌లో, ఎత్తైన ప్రహరీగోడల వెనుక, లోహముల స్వభావమును శోధించి వానికి దార్ఢ్యము గూర్చుటయే వ్రతముగా గల సంస్థలు రెండు నెలకొనియున్నవి. అందొకటి 1963లో ఆరంభమైన రక్షణ లోహశోధనాలయము, జనులు డి.ఎం.ఆర్.ఎల్. అని పిలుచునది, రెండవది 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమము, అనగా అందఱెఱిగిన మిధాని. అర్జున్ యుద్ధట్యాంకునకై డి.ఎం.ఆర్.ఎల్. శాస్త్రజ్ఞులు కల్పించిన కవచమునకు ఈ పేట పేరే పెట్టి కంచన్ కవచమనిరి. ఉక్కుపలకల నడుమ పింగాణీజాతి పదార్థమును పొదిగిన ఆ కవచము నిలువరింపవలసిన శత్రువు, సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు మించిన వేగముతో దూసికొనివచ్చు బరువైన లోహపు ఈటె. అంతటి వేగమున తాకినప్పుడు ఈటెమొనయు, అది గ్రుచ్చుకొనిన ఉక్కును, కరగకయే ద్రవమువలె ప్రవహింప నారంభించును. ఎంతటి గట్టి లోహమైనను ఆ క్షణమున తన గట్టిదనమును గోల్పోవును. ఆకాశమునుండి వచ్చు గ్రహశకలము భూతలమును దాకినపుడు దానికేమగునో గ్రహింపగోరువాడు ముందుగా మనసున నిలుపుకొనవలసిన సంగతి ఇదియే.

భూమి తన ఆకర్షణచేత తనవైపు లాగుకొను వస్తువు, వాయుమండలము అడ్డుపడనియెడల, సెకనుకు 11 కిలోమీటర్లకు తక్కువ వేగముతో నేలను చేరుట అసంభవము. సాధారణముగా గ్రహశకలముల వేగము 20 కిలోమీటర్ల ప్రాంతమున నుండును. ఇది పైన జెప్పిన ఈటె వేగమునకు పండ్రెండు రెట్లకు పైబడినది. వేగము రెట్టింపైన గతిశక్తి నాలుగింతలగును గావున, కిలోకు కిలో చొప్పున లెక్కించినచో గ్రహశకలము మోసికొనివచ్చు శక్తి ఆ ఈటె శక్తికి ఇంచుమించు 150 రెట్లగును. మఱియొక విధముగా చెప్పవలెనన్న, అట్టి వేగముగల శిలలో ప్రతి కిలోయందును 20 కోట్ల జౌళ్ళ శక్తి నిక్షిప్తమైయున్నది. ఇది దాదాపు 48 కిలోల టి.ఎన్.టి. మందుగుండునకు సమానము. ఒక కిలో ఇనుమును కరగించి, మరగించి, పూర్తిగా ఆవిరిగా మార్చుటకు కోటి జౌళ్ళలోపే చాలును. తన్ను తాను ఇరువదిమార్లు ఆవిరి చేసికొనుటకు చాలినంత శక్తిని వెంటబెట్టుకొని వచ్చిన రాయి, హఠాత్తుగా ఆగవలసివచ్చినపుడు, రాయిగా నిలుచుట యెట్లు?

ఆ ఘట్టము నడచు క్రమమును శాస్త్రజ్ఞులు ఇట్లు వివరింతురు. శకలపు ముందుభాగము నేలను ముట్టిన తత్‌క్షణమే, స్పర్శస్థానమునుండి రెండు అభిఘాత తరంగములు పుట్టి, ఒకటి భూమిలోనికిని, ఇంకొకటి వెనుదిరిగి శకలములోనికిని ప్రసరించును. ఆ తరంగములు సాగినంతమేర శిల, భూకేంద్రమున నుండు ఒత్తిడితో పోల్చదగిన లక్షల వాతావరణముల ఒత్తిడికి లోనై నలిగిపోవును. శకలపు వెనుకభాగమునకు ముందేమి జరిగినదో తెలియుటకైనను వ్యవధి యుండదు. అది ఇంకను తన తొలివేగముతోనే ముందునకు వచ్చుచుండును. 50 మీటర్ల శకలమైనచో తరంగము కొస నుండి కొసకు చేరుటకు కొన్ని మిల్లీసెకన్లు చాలును. వెనుకటి అంచును చేరిన తరంగము అచ్చట ప్రతిఫలించి, ఒత్తిడిని ఒక్కమాఱుగా సడలించును. అంతవరకు అణచియుంచబడిన వేడికి ఆ సడలింపుతో అడ్డు తొలగగా, శకలములో అధికభాగము కరగి, ఆవిరియై, పైకెగసిన మహాజ్వాలలో కలిసిపోవును. మనము కన్నులార చూచు గుండము ఏర్పడుట అటుపిమ్మటి మాట. దానిని త్రవ్వునది భూమిలోనికి పాకిన తరంగమే కాని శకలము గాదు. గుండము పూర్తిగా విచ్చుకొనునప్పటికి శకలమన్న వస్తువే మిగిలియుండదు. అందువలననే, మిక్కిలి ఏటవాలుగా తాకినపుడు దప్ప, శకలము ఏ వాలున వచ్చినను గుండము వర్తులముగనే ఏర్పడును. దాని వ్యాసము శకలపు వ్యాసమునకు పది యిరువదింతలుండును.

ఈ సత్యమును గ్రహింపక ఒక మనుజుడు తన జీవితమున అధికభాగము వెచ్చించెను. అమెరికాలోని అరిజోనా ఎడారియందు 1.2 కిలోమీటర్ల వెడల్పుగల గుండమొకటి కలదు. డేనియల్ బారింజరను గనుల ఇంజనీరు 1903 మొదలుకొని, అది ఇనుప ఉల్క త్రవ్విన గుండమని సరిగనే నమ్మి, అంతటి గుండమునకు కారణమైన కోట్లాది టన్నుల ఇనుము దాని క్రింద దాగియుండునని తలచి, పాతికసంవత్సరములకు పైగా బోరులు వేయించెను. 1929లో ఫారెస్ట్ మౌల్టన్ అను ఖగోళజ్ఞుడు లెక్కగట్టి, వచ్చిన ఇనుము 3 లక్షల టన్నులకు మించదనియు, అదియు తాకుడునందే చాలమట్టుకు ఆవిరియై పోయినదనియు తేల్చెను. బారింజరు ఆ యేటనే మరణించెను. గుండము పుట్టుకను గూర్చి లోకమంతయు సందేహించినను ఆతడు సత్యమును విడువలేదు. నా దృష్టిలో ఆతడు భూవిజ్ఞానమునకు మేలొనర్చినవాడు. పిమ్మట హార్వీ నైనింజర్ ఆ పరిసరపు మట్టిలో సూక్ష్మమైన లోహగోళములు అసంఖ్యాకముగా నున్నట్లు కనుగొనెను. బారింజరు వెదకిన నిధి ఆవిరియై, చల్లబడి, తుంపరలై రాలినదన్నమాట.

మనకు చేరువనున్న సాక్ష్యము లోణార్ సరస్సు. ఒకప్పుడు నిజాము ప్రభువుదిగా పరిగణింపబడిన బీరారు సీమలో, నేటి మహారాష్ట్రపు బుల్‌ఢాణా జిల్లాయందు, నల్లరాతి బసాల్టుపొరలలో ఏర్పడిన ఈ గుండపు వ్యాసము 1.8 కిలోమీటర్లు. ఇది అగ్నిపర్వతపు బిలమేయని చిరకాలము భావించిరి. 1970ల తొలినాళ్ళ పరిశోధనలలో, మహాఘాతమునకు గుఱియైనపుడే పుట్టు గాజురూపపు ఖనిజములు అచ్చట లభించిన తరువాత వివాదము తీరినది. ఉల్కాపిండము మాత్రము దొరకలేదు. అచ్చటి సూక్ష్మ గాజుగోళములలో కొంచెము అధికముగా కానవచ్చు నికెల్ మున్నగు లోహములే అది మిగిల్చిన జాడ. తెలుగునాట ధ్రువపడిన ఇట్టి గుండము లేదు. అయినను లోణార్ రాయియు, వికారాబాదు అనంతగిరిగుట్టల నల్లరాయియు ఒకే మహాలావా ప్రవాహసంతతికి చెందినవి. ఆ లావాలు దక్కనును ముంచెత్తిన యుగముననే, 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలము నేటి మెక్సికోలోని చిక్సులూబ్‌కడ పడి, దాదాపు 180 కిలోమీటర్ల గుండమును సృష్టించి, రాక్షసిబల్లుల యుగమునకు ముగింపు పలికినది. హిమాలయశిఖరమును మించిన ఆ పర్వతమేమైనది? ఆవిరియై లోకమంతట వ్యాపించి, సన్నని మట్టిపొరగా పేరుకొనినది. భూమి పైపొరలో మిక్కిలి అరుదైన ఇరిడియము ఆ పొరయందు అధికముగా నుండుటను గమనించియే లూయీ ఆల్వరెజ్, వాల్టర్ ఆల్వరెజ్ అను తండ్రికొడుకులు తమ సహచరులతో కలిసి 1980లో ఈ సిద్ధాంతమును ప్రకటించిరి. పసిఫిక్ సముద్రపుటడుగు మట్టిలో 1998లో బయల్పడి, ఆ శకలపు తునకయే కావచ్చునని భావింపబడుచున్న రాతిముక్క పరిమాణము 2.5 మిల్లీమీటర్లు; ఆవగింజకన్న కొంచెము పెద్దది.

మధ్యమపరిమాణము గల శకలములు నేలను చేరకయే గాలిలో బ్రద్దలగును. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీదుగా సెకనుకు 19 కిలోమీటర్ల వేగమున వచ్చిన 20 మీటర్ల శకలము సుమారు 30 కిలోమీటర్ల యెత్తున పగిలినది; ఆ పేలుడు గాలికి కిటికీ అద్దములు పగిలి, దాదాపు 1500 మంది గాయపడిరి. దానిలో చెక్కుచెదరక మిగిలిన పెద్దముక్క, చెబర్కుల్ చెఱువులో పడినది, 600 కిలోల పైచిలుకు మాత్రమే.

కంచన్‌బాగ్‌కు చేరువనున్న ఫిసల్‌బండలో, నవాబు జఫర్‌జంగు తన యెస్టేటునందు 1901లో గ్రబ్ సంస్థవారి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి వేధశాల నెలకొల్పెను. బేగంపేటకు తరలిన నిజామియా వేధశాలకు మూలమదియే. పాతనగరమునకు ఆకాశముతో సంబంధము ఆనాటిదని పలువుఱెఱుగరు. ఇది మన బాలురకు పాఠముగా చెప్పదగిన సంగతియని నా అభిప్రాయము. ఆ దూరదర్శిని రాకకు అర్ధశతాబ్ది పూర్వమే, 1852 జనవరి 23న నెల్లూరు మండలమున, 13 కిలోలకు పైబడిన రాతిఉల్క యొకటి పడినది. పదునెనిమిదేండ్లకు, యాదృచ్ఛికముగా అదే తేదీన, 1870 జనవరి 23 సాయంకాలమున, నాటి విశాఖపట్టణ మండలపు పార్వతీపుర ప్రాంతమున నెడగొల్లకడ 4.6 కిలోల ఇనుప ఉల్క పడినది. జనులు చూచుచుండగా ఇనుప ఉల్క పడుట ప్రపంచమున మిక్కిలి అరుదు.

కొండంతటి శకలము ఆవిరికాగా ఈ పిడికెడు రాళ్ళు నిలుచుటకు వాని చిన్నదనమే కారణము. చిన్నరాయి వాయుమండలపు పై పొరలలోనే తన తొలివేగమునంతయు గోల్పోయి, తుదకు ఎత్తునుండి జారవిడిచిన రాయివలెనే, సెకనుకు నూఱుమీటర్లో అంతకు తక్కువయో వేగముతో పడును. పైపొర కరగి మిల్లీమీటరు మందపు నల్లని పెంకుగా గట్టిపడును గాని, గాలిలో మండుకాలము కొద్ది సెకన్లే యగుటచే వేడి లోనికి దిగదు. నాలుగువందల కోట్ల యేండ్లకు పైబడిన ఆ శిలాగర్భము, సూర్యకుటుంబము పుట్టిననాటి పదార్థము, మార్పులేకయే మన చేతికందును. గ్రహములు ఏ ధాతువులతో నేర్పడినవో మనకు నేర్పినవి ఇట్టి చిన్నరాళ్ళే.

కావున పాఠకులకు ఒక విజ్ఞప్తి. ఉఱుములాటి ధ్వనితో ఆకాశమునుండి రాయి పడుట చూచినను, పొలమున నల్లనిపెంకు గలిగి, పరిమాణమునకు మించిన బరువై, అయస్కాంతమును ఆకర్షించు వింతరాయి దొరకినను, దానిని పగులగొట్టకుడు, కడుగకుడు, పసుపుకుంకుమలు పూయకుడు. శుభ్రమైన కాగితమున చుట్టి, దొరకిన చోటును, దినమును, వేళను వ్రాసి, మండల తహసీల్దారుద్వారా గాని, హైదరాబాదు బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయమునకు నేరుగా గాని అందజేయుడు. మన దేశమున పడిన ఉల్కలను సంరక్షించు బాధ్యత ఆ సంస్థదే.